రేంజర్‌కి ఏ విల్లు కొనాలని అడిగే ముందు

నీ ప్రశ్న రెండుసార్లు చదివాను తమ్ముడూ. గిల్డ్ వార్స్ 2 అనే ఆన్‌లైన్ గేమ్‌లో రేంజర్ అనే పాత్ర నీది, ఆఖరి లెవెల్ 80 అయ్యి నెల దాటింది, చేతిలో లాంగ్‌బో అనే పొడుగు విల్లు, పక్కన పెంపుడు ఎలుగుబంటి, ఒంటి మీద సోల్జర్ అనే రకం గేర్. గేమ్‌కి అదనంగా అమ్మే భాగాల్లో, అంటే ఎక్స్‌పాన్షన్లలో, మొదటి రెండూ సేల్లో కొన్నావు. మొన్న ఐదుగురు కలిసి వెళ్ళే డంజన్ మధ్యలో మిగతా నలుగురూ కలిసి నిన్ను గ్రూపులోంచి తీసేశారు, వాళ్ళలో ఒకడు ‘బేర్‌బో’ అని ఏదో టైప్ చేశాడు. దాచుకున్న 40 గోల్డ్‌తో ఇంకా మంచి విల్లు కొంటే డ్యామేజ్ పెరుగుతుందా, కొంటే ఏది కొనాలి అని అడిగావు. భీమవరం అని రాశావు కాబట్టి చనువు తీసుకుని చెబుతున్నా. విల్లు మీద ఒక్క గోల్డ్ కూడా పెట్టకు. నీ విల్లుకి ఏమీ కాలేదు. నువ్వు నిలబడే చోటే బాగాలేదు.

మాది రాజోలు వైపు, రొయ్యల చెరువులు. ఈ గేమ్ 2012 ఆగస్టులో వచ్చింది, నేను ఆ మరుసటి ఏడు మొదలుపెట్టాను, అప్పటి నుంచీ నాది రేంజరే. వనామీ వేసినవాడికి రాత్రిళ్ళు నిద్ర ఉండదని భీమవరం కుర్రాడికి నేను చెప్పక్కర్లేదు. తెల్లవారుజామున మూడింటికీ నాలుగింటికీ నీళ్ళలో ఆక్సిజన్ బాగా పడిపోతుంది. సరిగ్గా ఆ టైముకి కరెంటు పోయి ఏరేటర్లు ఆగితే పంట మొత్తం తేలిపోతుంది. అందుకని గట్టు మీద షెడ్డులో ల్యాప్‌టాప్ పెట్టుకుని మెలకువగా కూర్చుంటాను. యూరప్‌లో రాత్రి ఎనిమిదంటే మనకి చలికాలంలో పన్నెండున్నర, వేసవిలో పదకొండున్నర. వాళ్ళు పనులు ముగించుకుని గేమ్‌లోకి వచ్చే వేళా, నా కాపలా వేళా ఒకటే అయ్యాయి. అలా కుదిరింది.

ముందు ఆ తిట్టు సంగతి. బేర్ అంటే ఎలుగు, బో అంటే విల్లు. ఎలుగుబంటిని ముందుకి తోలేసి, తాను ఆమడ దూరంలో నిలబడి, లాంగ్‌బో మొదటి స్కిల్ ఒక్కటే నొక్కుతూ ఉండే రేంజర్‌ని అలా వెక్కిరిస్తారు. చాలా పాత మాట. కొత్తగా వచ్చినవాళ్ళు చాలామంది ఇలాగే ఆడతారు, అందులో వాళ్ళ తప్పు కూడా లేదు. లాంగ్‌బో మొదటి స్కిల్ వివరణలోనే బాణం ఎంత దూరం పోతే అంత గట్టిగా తగులుతుందని రాసి ఉంటుంది. దాని రేంజ్ గేమ్ కొలతలో 1500. అది చదివినవాడు 1500 దూరానికి పోక ఏం చేస్తాడు?

గ్రూపులో మాత్రం లెక్క తిరగబడుతుంది. మనకి బలాన్నిచ్చే బూన్లు, అంటే మైట్, ఫ్యూరీ, క్విక్‌నెస్ లాంటివి, ఇచ్చేవాడి చుట్టూ కొంత మేరే పడతాయి. చాలావాటికి ఆ మేర 600, కొన్నిటికి 360. అదీ ఒక్కసారికి ఐదుగురికే. ఒక్కో మైట్‌కి 30 పవర్, అంటే దెబ్బ బలం, వస్తుంది, 25 వరకూ పేరుతుంది, అంటే 750. గేర్ ఏమీ లేకుండా నిలబడిన లెవెల్ 80 మనిషి పవరే 1000 అని గుర్తుపెట్టుకుని ఆ 750 ఎంతో ఆలోచించు. ఫ్యూరీతో క్రిట్ ఛాన్స్, అంటే దెబ్బ మామూలు కన్నా గట్టిగా పడే అవకాశం, 25 శాతం పెరుగుతుంది. క్విక్‌నెస్ ఉంటే చెయ్యి సగం వేగం ఎక్కువగా ఆడుతుంది. ఇవన్నీ బాస్ కాళ్ళ దగ్గర కుప్పపోసి పంచుతుంటే నువ్వు ఊరి చివర నిలబడి బాణం ఇంకో నాలుగు పాళ్ళు గట్టిగా తగిలిందని సంబరపడుతున్నావు. భోజనాల పంక్తి ఇక్కడ నడుస్తోంది, నువ్వు కూర్చున్నది కాలవ అవతల. పైగా నువ్వు పడిపోతే లేపడానికి ఎవడూ అంత దూరం రాడు. వైద్యం చేసేవాడి స్కిల్ కూడా అక్కడిదాకా అందదు.

నన్నూ ఇలాగే తీసేశారు. 2013లో, అస్కలోనియన్ కాటకూంబ్స్ అనే డంజన్‌లో. మిగతావాళ్ళు గోడ మూలకి నక్కి, శత్రువులన్నిటినీ ఒక్కచోటికి రప్పించి, అందరి మీదా ఒకేసారి దెబ్బ పడేలా చూసుకుంటున్నారు. నేను దూరం నుంచి లాంగ్‌బో నాలుగో స్కిల్, పాయింట్ బ్లాంక్ షాట్, ఖాళీ అయినప్పుడల్లా వేస్తున్నాను. అది శత్రువుని వెనక్కి నెట్టేస్తుంది. వలలోకి చేరిన చేపల్ని కర్ర పెట్టి మళ్ళీ నీళ్ళలోకి తోలడమే అది. మూడోసారి నెట్టేసరికి గ్రూపులోంచి బయట పడ్డాను. వాళ్ళకి నా మీద కోపం ఎందుకొచ్చిందో తెలియడానికి నాకు చాలా రోజులు పట్టింది, ఎవరూ విడమరచి చెప్పలేదు. ఇంత పొడుగున రాస్తున్నది అందుకే.

కాబట్టి ఆయుధం ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి రెండు. ఎంత దూరంలో నిలబడతావు? నీ దెబ్బ ఎలా పడాలి? ఈ రెండూ తేలితే ఆయుధాన్ని వెతుక్కోనక్కర్లేదు, అదే వచ్చి చేతిలో పడుతుంది.

రెండోదానికి మన సంక్రాంతి బరి గుర్తు చేసుకో. చట్టం ఒప్పుకోని పనే, అయినా చూడని గోదారోడు ఎవడు? కత్తి కట్టిన పందెం రెప్పపాటులో తేలిపోతుంది, తగిలిన ఒక్క దెబ్బే దెబ్బ. డింకీ పందెంలో కత్తి ఉండదు. పుంజులు కొట్టుకుంటూ కొట్టుకుంటూ, ఏది అలిసిపోతే అది ఓడుతుంది. గేమ్‌లో బిల్డ్ అంటే గేర్, స్కిల్స్ కలిపి పేర్చుకున్న తీరు, అందులో పవర్ బిల్డ్ అంటే కత్తి పందెం. తగిలిన క్షణానే డ్యామేజ్ మొత్తం పడుతుంది, ఎదుటివాడి కవచం అందులో కొంత మింగేస్తుంది. కండిషన్ బిల్డ్ డింకీ. నెత్తురు కారడం, మంట, విషం లాంటివి అంటిస్తావు, అవి సెకను సెకనుకీ తింటూ ఉంటాయి. వాటికి కవచంతో పని లేదు. విషమైతే అదనంగా ఎదుటివాడు కోలుకోవడాన్ని మూడో వంతు తగ్గిస్తుంది. కానీ నాలుగు సెకన్లలో చచ్చిపోయే చిన్న శత్రువు మీద పది సెకన్ల విషం పెట్టి ఏం లాభం? చిన్నవాటికి కత్తి, ఎంతకీ చావని పెద్ద ఒంటికి డింకీ. నీకిప్పటికి పవరే చెబుతాను. గేర్ తేలిగ్గా దొరుకుతుంది, నేర్చుకోవడం తేలిక, ఆ లాంగ్‌బో కూడా పనికొస్తుంది.

ఇక నీ అసలు రోగం సోల్జర్ గేర్. అందులో ఉన్నవి పవర్, టఫ్‌నెస్ (దెబ్బ ఓర్చుకోవడం), వైటాలిటీ (ప్రాణం). ప్రెసిషన్ సున్నా. ప్రెసిషన్ ప్రతి 21కి ఒక శాతం క్రిట్ ఛాన్స్ పెరుగుతుంది. గేర్ నుంచి ఏమీ రాకపోతే లెవెల్ 80లో మిగిలేది 5 శాతం. అంటే ఇరవై బాణాలు వేస్తే ఒక్కటి గట్టిగా తగులుతుంది. పది బాణాల ర్యాపిడ్ ఫైర్ రెండుసార్లు వేస్తే ఒక్క క్రిట్! ఆ ఒక్కటి కూడా మామూలు దెబ్బకి ఒకటిన్నర రెట్లే, ఎందుకంటే ఫెరాసిటీ కూడా లేదు. ఫెరాసిటీ ప్రతి 15కి క్రిట్ దెబ్బ ఇంకో శాతం పెరుగుతుంది. ఈ లెక్కలో నీకు దేవతలు దిగొచ్చి విల్లిచ్చినా అంతే. బెర్సర్కర్ గేర్‌లో పవర్, ప్రెసిషన్, ఫెరాసిటీ మూడూ ఉంటాయి, మూడూ ఒకదాన్నొకటి పెంచుతాయి. వేసుకున్న రోజే తేడా కళ్ళకి కనబడుతుంది.

బెర్సర్కర్ వేస్తే వెంటనే చచ్చిపోతాను కదా అంటావు. చస్తావు, మొదటి వారం. రేంజర్‌కి లెవెల్ 80లో వైటాలిటీ ఏమీ కలపకుండా ఉండే ప్రాణం 15,922. మధ్యరకం. అయితే ఈ గేమ్‌లో బతికించేది టఫ్‌నెస్ కన్నా డాడ్జ్, అంటే దొర్లి దెబ్బ తప్పించుకోవడం. డాడ్జ్‌కి 50 ఎండ్యూరెన్స్ (ఓపిక) కావాలి, నిండా ఉంటే 100, అంటే వరసగా రెండు. ఒక్కోటి మళ్ళీ నిండడానికి పది సెకన్లు పడుతుంది. మరీ భయమైతే ఎక్స్‌పాన్షన్లు ఉన్నాయి కాబట్టి మరాడర్ గేర్ చూడు, పవర్, ప్రెసిషన్‌తో పాటు కొంచెం ఫెరాసిటీ, కొంచెం వైటాలిటీ ఇస్తుంది. ఒంటరిగా మ్యాపులు తిరగడానికి నాకిప్పటికీ అదే ఇష్టం. ముప్పై ఏళ్ళు దాటాక దెబ్బ పడే చోటు చూపించే ప్రతి ఎర్ర గీతకీ గెంతే ఓపిక ఉండదు.

సరే, ఆయుధాలు. లాంగ్‌బోని పారెయ్యమనడం లేదు. ఊరిబయట తిరిగేటప్పుడు, పెద్ద గుంపులు కొట్టుకునే మ్యాపుల్లో, గోడ మీద ఉన్నవాడిని కింద నుంచి కొట్టాల్సి వచ్చినప్పుడు దాన్ని మించింది లేదు. రెండోది ర్యాపిడ్ ఫైర్, అసలు డ్యామేజ్ అక్కడే ఉంది. పడే ప్రతి బాణం వల్నరబిలిటీ అంటిస్తుంది, ఒక్కోదానికి శత్రువు తీసుకునే దెబ్బ ఒక శాతం పెరుగుతుంది, ఇదీ 25 దాకా. మూడోది హంటర్స్ షాట్, తగిలితే నువ్వు కాసేపు కనబడవు. ఒంటరిగా చిక్కుకున్నప్పుడు ప్రాణం కాపాడేది అదే. ఐదోది బారాజ్, ఒకచోట బాణాల వాన. నాలుగోది, నన్ను గెంటించిన ఆ పాయింట్ బ్లాంక్ షాట్‌ని చిన్న శత్రువుల మీద మర్చిపో. పెద్ద బాస్ పేరు కింద నీలం గీత కనబడుతుందే, డిఫయన్స్ బార్, అది ఉన్నంతసేపు మనం ఎంత నెట్టినా బాస్ వెనక్కి పోడు. కానీ నెట్టినా, తిమ్మిరెక్కించినా, భయపెట్టినా ఆ గీత తరుగుతుంది. ఆ గీత విరగ్గొట్టమని అందరూ అరుస్తున్నప్పుడు వేసేది ఇదే. తిట్లు తినిపించిన స్కిల్లే అప్పుడు మెప్పిస్తుంది. ఇంకో మాట, లాంగ్‌బో పట్టుకున్నా సరే గ్రూపులో మాత్రం అందరి మధ్యా నిలబడే వెయ్యి. దూరం తగ్గినందుకు దెబ్బ తగ్గేది మొదటి స్కిల్‌కే, ర్యాపిడ్ ఫైర్‌కి దూరంతో పని లేదు.

నీ మొదటి ఆయుధం గ్రేట్‌స్వోర్డ్ కావాలి. విల్లుకాడికి రెండు చేతుల కత్తేమిటని నవ్వకు. రేంజర్ అంటే అడవి మనిషి, విలుకాడని ఎవరూ రాసివ్వలేదు. మాల్ అనే రెండో స్కిల్ ఒక్కటి చాలు దాన్ని కొనడానికి. స్వూప్ ముందుకి దూకిస్తుంది, దారిన పోయేటప్పుడు కూడా వాడతాను, కాలవ దాటడానికి బల్లకట్టు కోసం ఆగక్కర్లేనట్టు ఉంటుంది. హిల్ట్ బాష్ వెనక నుంచి కొడితే శత్రువు కదలకుండా నిలబడిపోతాడు, నీలం గీతకి అది రెండో మందు. నాలుగోది కౌంటర్‌అటాక్, కొన్ని సెకన్లపాటు వచ్చిన దెబ్బలు ఆపుతుంది. దీని గురించి కింద మళ్ళీ చెబుతాను, మనలాంటి నెట్ ఉన్నవాళ్ళకి ఇది వరం.

రెండో సెట్‌గా కొన్నాళ్ళు లాంగ్‌బోనే ఉంచు. తర్వాత రెండు చేతుల్లోనూ గొడ్డళ్ళు పట్టి చూడు. కుడిచేతి గొడ్డలి విసిరేది, మూడు శత్రువుల దాకా గెంతుతూ తగులుతుంది. రెండో స్కిల్ స్ప్లిట్‌బ్లేడ్ ఐదు గొడ్డళ్ళని విసనకర్రలా విసురుతుంది. దూరం నుంచి వేస్తే ఒకటో రెండో తగిలి మిగతావి పక్కకి పోతాయి, ముక్కు మీద నిలబడి వేస్తే ఐదూ ఒకడికే. చూశావా, విసిరే ఆయుధం కూడా దగ్గరికే రమ్మంటోంది. ఎడమచేతి గొడ్డలికి పాత్ ఆఫ్ స్కార్స్ అని ఉంది, వెళ్ళి తిరిగొస్తూ దారిలో ఉన్నవాళ్ళని నీ వైపు లాక్కొస్తుంది. పాయింట్ బ్లాంక్ షాట్ చేసిన పాపానికి ఇది ప్రాయశ్చిత్తం. దూరంగా నిలబడి బాణాలేస్తున్న ఇద్దరిని దీంతో లాగి కుప్పలో పడేస్తే గ్రూపు వాళ్ళు నిన్ను గుర్తుపెట్టుకుంటారు. ఐదోది వర్లింగ్ డిఫెన్స్, నీ మీదికొచ్చే బాణాల్ని తిప్పికొడుతుంది.

కండిషన్ వైపు పోవాలనిపిస్తే గొడ్డలి, టార్చ్ ఒక సెట్, షార్ట్‌బో రెండో సెట్. గేర్ వైపర్, ఎక్స్‌పర్టీస్ ప్రతి 15కి నువ్వు అంటించినవి ఒక శాతం ఎక్కువసేపు నిలుస్తాయి. టార్చ్‌తో మంట, స్ప్లిట్‌బ్లేడ్‌తో నెత్తురు. షార్ట్‌బో మొదటి బాణం శత్రువుకి పక్క నుంచో వెనక నుంచో తగిలితేనే నెత్తురు కారుతుంది, ఎదురుగా నిలబడి కొట్టినన్నాళ్ళూ అది బొమ్మ విల్లే. ఈ ఒక్క ముక్క తెలియక ఏళ్ళ తరబడి షార్ట్‌బోని తిట్టినవాళ్ళని చూశాను. ఆడలేక మద్దెల ఓడన్నట్టు. వార్‌హార్న్, ఎడమచేతి బాకు, కత్తి, ఇవన్నీ మంచివే, నీకిప్పుడు అక్కర్లేదు.

ఏది పట్టినా రెండు సెట్ల మధ్య మారుతూ ఉండాలి. పోరులో ఒకసారి మారిస్తే మళ్ళీ పది సెకన్లు ఆగాలి. ఒకే సెట్‌తో నిమిషం నిలబడ్డావంటే నీ చేతిలో సగం ఆయుధాలు గోడకి వేలాడుతున్నాయన్నమాట. ట్రెయిట్లంటే మన పాత్రకి ఎంచుకునే అదనపు గుణాలు, మూడు వరసలు పెట్టుకోవచ్చు. వాటిలో స్కర్మిషింగ్ వరసలో క్విక్ డ్రా అని ఉంది చూడు. ఆయుధం మార్చిన వెంటనే వేసిన మొదటి స్కిల్ మళ్ళీ త్వరగా సిద్ధమవుతుంది. లాంగ్‌బోకి మారి ర్యాపిడ్ ఫైర్, గ్రేట్‌స్వోర్డ్‌కి మారి మాల్. ఇది చేతికి అలవాటైందంటే రేంజర్ ఆట మొత్తం మారిపోతుంది. మిగతా రెండు వరసలకి మార్క్స్‌మన్‌షిప్, బీస్ట్‌మాస్టరీ తీసుకో. కండిషన్‌కైతే మార్క్స్‌మన్‌షిప్ బదులు వైల్డర్నెస్ సర్వైవల్. లోపల ఏ ట్రెయిట్ అనేది వికీలో ఒక్కోటీ చదివి, పట్టుకున్న ఆయుధానికి ఏది సరిపడితే అది పెట్టు, తప్పయితే పోరు లేనప్పుడు ఊరికే మార్చుకోవచ్చు, డబ్బు పోదు.

బిల్డ్ సైట్ల గురించి ఒక మాట. వాటిని చూడు, కానీ కుక్కుట శాస్త్రం చదివినట్టు చదవకు. ఫలానా వారం ఫలానా జాములో నెమలి గెలుస్తుంది, డేగ వదలకూడదు అని పుస్తకం చూసి పుంజుని దించే పెద్దమనుషులు మన బరుల దగ్గర ఎప్పుడూ ఉంటారు. కోడికి ఎలాంటి మేత పెట్టారో, కాలు ఎలా ఉందో మాత్రం చూడరు. సైట్లో మొదటి వరసలో ఉన్న బిల్డ్ పదిమంది అన్ని బూన్లూ ఇచ్చి నిలబెట్టిన మనిషి లెక్క, నీ ఒంటరి రాత్రి లెక్క కాదు. తేదీ కూడా చూడు. 2023 ఆగస్టులో సీక్రెట్స్ ఆఫ్ ది అబ్స్క్యూర్ వచ్చినప్పుడు కవచంలో పొదిగే రూన్ల ఆరో బోనస్ తీసేసి రెలిక్ అనే వేరే వస్తువు పెట్టారు. దానికి ముందు రాసిన గైడ్‌లో ‘ఆరు రూన్లు పెడితే ఈ ఫలితం’ అని ఉంటే అది ఇప్పుడు చెల్లని నోటు. అదే ఎక్స్‌పాన్షన్ కొన్నవాళ్ళు ఎలైట్ స్పెషలైజేషన్ (ఎక్స్‌పాన్షన్‌తో వచ్చే ప్రత్యేక శాఖ) ఆయుధాల్ని ఆ స్పెషలైజేషన్ పెట్టుకోకుండానే పట్టుకోవచ్చు, అందుకే కొత్త బిల్డ్‌లలో డ్రూయిడ్ అనే రేంజర్ శాఖ కాకపోయినా చేతికర్ర కనబడుతుంది, కంగారు పడకు.

ఎలుగుబంటి. దాన్ని ఒంటరిగా పెద్ద శత్రువుతో పడ్డప్పుడు తెచ్చుకో, దెబ్బలు కాస్తుంది. గోధుమరంగుదైతే నీకు అంటిన విషాలూ మంటలూ దులుపుతుంది కూడా. గ్రూపులో దానికి చోటు లేదు, దాని దెబ్బ మరీ మెత్తన. జంగిల్ స్టాకర్ గర్జిస్తే చుట్టుపక్కలవాళ్ళకి మైట్ వస్తుంది. రాక్ గజెల్ అని రెండో ఎక్స్‌పాన్షన్ పాత్ ఆఫ్ ఫైర్ మ్యాపుల్లో దొరుకుతుంది, చూడ్డానికి మేకలా ఉంటుంది, కుమ్మితే తెలుస్తుంది. రెండు పెట్స్ పెట్టుకోవచ్చు కదా, ఒకటి చావబోతుంటే ఎఫ్4 నొక్కి మార్చెయ్. చచ్చాక మారిస్తే మళ్ళీ మార్చడానికి చాలాసేపు ఆగాలి. దాని ఎఫ్2 స్కిల్ నీ చేత్తో నువ్వే వెయ్యాలి. ఇంకా ముఖ్యం, అందరూ మెల్లిగా పక్కనుంచి జారుకుంటున్నప్పుడు దాన్ని పోరు మానుకునేలా పెట్టు, లేకపోతే దారిన పోయే ప్రతిదాన్నీ గిల్లి గ్రూపు మీదికి తెస్తుంది.

ఇప్పుడు మన దగ్గరి అసలు కష్టం, పింగ్, అంటే మనం నొక్కింది సర్వర్‌కి చేరి జవాబు రావడానికి పట్టే సమయం. ఇండియాలో ఈ గేమ్‌కి సర్వర్ లేదు, యూరప్ కానీ అమెరికా కానీ. నువ్వూ యూరప్‌లోనే అన్నావు, మంచిదైంది. నాకు బాగున్న రోజున 170, 180 మిల్లీసెకన్లు ఉంటుంది. మా ఊళ్ళో ఫైబర్ తీగ కరెంటు స్తంభాల మీంచి, కొబ్బరి చెట్ల మధ్య నుంచి వస్తుంది. గాలేస్తే మట్ట పడుతుంది, నెట్ పోతుంది, ఫోన్ హాట్‌స్పాట్ మీదికి మారతాను, పింగ్ 200 నుంచి 500కి, 500 నుంచి 200కి కుందేలులా గెంతుతుంది. నా అనుభవంలో ఎక్కువ పింగ్‌తో చిక్కు లేదు, ఒకేలా ఉంటే చెయ్యి దానికి సర్దుకుంటుంది. గెంతే పింగ్‌తోనే టెన్షన్.

డాడ్జ్ నిన్ను కాపాడేది ముప్పావు సెకను. నువ్వు నొక్కింది సర్వర్‌కి చేరేసరికే ఆలస్యం, తెర మీద దెబ్బ కనబడ్డాక నొక్కితే అది అప్పటికే తగిలేసింది. కాబట్టి శత్రువు చెయ్యెత్తినప్పుడే నొక్కాలి, దించుతున్నప్పుడు కాదు. అలా కుదరని రోజుల్లో ఎక్కువసేపు నిలిచే రక్షణ మీద ఆధారపడు. అందుకే కౌంటర్‌అటాక్ అన్నాను. కొన్ని సెకన్లు నిలుస్తుంది కాబట్టి ముందే నొక్కినా నష్టం లేదు. సిగ్నెట్ ఆఫ్ స్టోన్ అనే స్కిల్ కూడా అంతే. ఎడమచేతి బాకు, కత్తి నీకిప్పుడు అక్కర్లేదన్నది కూడా ఇందుకే, వాటి అందమంతా సరిగ్గా ఆ క్షణంలో తప్పుకోవడంలో ఉంది, హాట్‌స్పాట్ మీద ఆ క్షణం మన చేతిలో ఉండదు. వానాకాలంలో నేను గ్రేట్‌స్వోర్డ్ తప్ప ఇంకేదీ ముట్టుకోను.

ఎలైట్ స్పెషలైజేషన్ గురించి అడగలేదు కానీ, నీకు రెండు ఎక్స్‌పాన్షన్లూ ఉన్నాయి కాబట్టి సోల్‌బీస్ట్ వైపు నడు. పూర్తిగా తెరవడానికి 250 హీరో పాయింట్లు కావాలి, ఎక్స్‌పాన్షన్ మ్యాపుల్లో ఒక్కో హీరో ఛాలెంజ్‌కి పది వస్తాయి, అంటే పాతిక చోట్లకి తిరగాలి. అందులో పెట్‌ని నీలో కలిపేసుకుంటావు, దాని బలం నీకొస్తుంది, అది చావడమనే బెంగే ఉండదు. ఎలుగుబంటి గొడవకి అదే శాశ్వత పరిష్కారం. డ్రూయిడ్ వైద్యానికి, గ్రూపు కుదిరాక చూడొచ్చు.

ఆ 40 గోల్డ్. గేమ్‌లోని సంత, ట్రేడింగ్ పోస్ట్‌లో ఎగ్జాటిక్ (పై రకం అసెండెడ్‌కి ఒక మెట్టు కిందది) బెర్సర్కర్ గ్రేట్‌స్వోర్డ్ ఒకటి కొను, నీ లాంగ్‌బో కూడా సోల్జర్‌దే అయితే దాని బదులు బెర్సర్కర్ ఎగ్జాటిక్ ఇంకోటి. విల్లు కొనొద్దని చెప్పి కొనమంటున్నానేమిటి అనుకోకు, నేనొద్దన్నది అసెండెడ్ విల్లుని. రెండూ రెండు చేతులవి కాబట్టి ఒక్కోదానికి ఆయుధంలో పొదిగే సిజిల్స్ రెండు పడతాయి, అందులో ఒకటి సిజిల్ ఆఫ్ ఫోర్స్, 5 శాతం డ్యామేజ్. అదే సిజిల్ రెండు పెడితే రెండుసార్లు పనిచెయ్యదు. తర్వాత ట్రింకెట్లు (ఉంగరాల్లాంటి నగలు), చివర కవచం. ధర చూసి వెంటనే కొనెయ్యకు, తక్కువకి ఆర్డర్ పెట్టి పడుకో, తెల్లారేసరికి వస్తుంది. అసెండెడ్‌కి ఎగ్జాటిక్‌కి ఆయుధాల్లో తేడా సుమారు 5 శాతం, దానికి నీ దగ్గరున్నదంతా ఊడ్చాలి. లెజెండరీ లాంగ్‌బో కుడ్జు చూసి మనసు పారేసుకున్నానని చివర్లో రాశావు, నేనూ పారేసుకున్నాను, కానీ అది వేల గోల్డ్ మాట, పైగా దాని బలం అసెండెడ్ అంతే. దానికింకా టైముంది.

డంజన్‌కి మళ్ళీ పోయే ముందు ఒక రాత్రి నాతో రా. టెక్వాటిల్ అనే పెద్ద డ్రాగన్ బాస్ మనకి రాత్రి పన్నెండున్నరకి స్పార్క్‌ఫ్లై ఫెన్ మ్యాపులో లేస్తుంది. పెద్ద గుంపు ఉంటుంది కాబట్టి ఎవరూ ఎవర్నీ గెంటరు. గ్రేట్‌స్వోర్డ్ తీసుకుని కమాండర్ గుర్తున్నవాడి భుజం దగ్గర నిలబడు, నీ స్కిల్స్ పైన వరసగా వచ్చే బూన్ బొమ్మల్ని చూడు, ఆపైన ఒక్క నిమిషం వెనక్కి 1500 దూరం పోయి మళ్ళీ చూడు. అలలు వస్తాయి, గెంతి దాటాలి, డాడ్జ్ వేస్ట్ చెయ్యకు. మధ్యలో నేను కదలకుండా నిలబడిపోతే కంగారు పడకు, కరెంటు పోయి జనరేటర్ వెయ్యడానికి వెళ్ళానన్నమాట, పది నిమిషాల్లో వచ్చేస్తాను.